వంజరం తల, మూడో పిన్ను

అప్పలరాముడికి కడుపుమంట ఉందన్న సంగతి ఆస్టినాబాద్‌లో ఇద్దరికే తెలుసు. ఒకరు మందుల షాపాయన, రెండోది అప్పలరాముడి భార్య అమ్ములు. షాపాయన దానికి గులాబీరంగు సీసా ఇచ్చి, భోజనానికి ముందు రెండు మూతలు తాగమన్నాడు. అమ్ములు మాత్రం ఆ మంట సీసాలతో ఆరేది కాదనీ, దాని పేరు సుభాష్ అనీ, అది డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక రేకుల షెడ్డు కింద ఉంటోందనీ తేల్చేసింది.

సుభాష్ అంటే అమ్ములు చెల్లెలు హిమబిందు మొగుడు. వరసకి తోడల్లుడు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ అందులో తోడు తక్కువ, తోడేలు ఎక్కువ అని అప్పలరాముడి అభిప్రాయం. పేరు చూస్తే అదొక పోటు. కన్నవాళ్ళు పెట్టింది సుభాష్ అని, అత్తారింట్లో అందరూ అనేది శభాష్ అని. అప్పలరాముడికి ఆ సౌకర్యం లేదు. 'అప్పల' దగ్గర మొదలుపెడితే అప్పడమో, అప్పో తగలాల్సిందే తప్ప మెచ్చుకోలు తగలదు.

ఒకప్పుడు ఇలా లేదు. షాదీపూర్‌లో అత్తగారింట్లో ప్రతి ఆదివారం చేపల కూర వండేవారు. అత్తగారి పేరు ముసలమ్మ. ఉయ్యాల్లోనే ముసలమ్మ అని పిలిచేశారు కాబట్టి, ఆ పేరుకి తగ్గ వయసు రావడానికి పాపం చాలా ఏళ్ళు ఓపిక పట్టింది. శ్రీకాకుళం ఒడ్డునుంచి వలలతో పాటు సముద్రం దాటి ఈ దీవికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మొగుడు పోయాక కొడుకు నూకన్నని పడవ ఎక్కించి, ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు చేసి, ఇంటి పెత్తనాన్నీ కూర గరిటెనీ ఒకే చేత్తో పట్టుకున్న మనిషి. ఆవిడ కూర వడ్డించే పద్ధతిలోనే మనిషి విలువ తెలిసిపోయేది. వంజరం తలకాయ ఎవరి కంచంలో పడితే ఆ వారం ఇంటికి పెద్ద తలకాయ వాడే. పెళ్ళయిన నాటి నుంచీ అది అప్పలరాముడి కంచంలోనే పడింది.

పడకేం చేస్తుంది? జంగ్లీఘాట్ రేవులో ఏ పడవకి లైటు వెలగకపోయినా, ఏ ఇంజనుకి వైరు కాలినా అప్పలరాముడు రావాలి. దానికి తోడు ఆయనకి చెయ్యి తిరిగిన రాత ఉంది. పడవ ముక్కు మీద ఎర్ర రంగుతో, తెల్ల అంచుతో పేరు రాశాడంటే ఆ అక్షరాలు నీళ్ళలోకి దూకడానికి సిద్ధంగా ఉన్నట్టుండేవి. పడవ తల మీద రాసేది కాబట్టి జంగ్లీఘాట్‌లో సగం పడవల తలరాత తనదేనని చెప్పుకునేవాడు. ఆ జోకు కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పేవాడు కూడా.

అలాంటి రోజుల్లో సుభాష్ చెన్నై నుంచి ఓడలో ఒక మిషన్ తెప్పించాడు. బల్లంత మిషన్. బల్ల మీద ఇటునుంచి అటు పాకే అడ్డదూలం, దానికి వేలాడే కట్టరు మోటారు, పక్కన కంప్యూటరు తెర. పడాక్ అనే ఎర్ర చెక్క పెట్టి మీట నొక్కితే చాలు. దూలం దానంతటదే తిరుగుతూ వేలి లోతు అక్షరాలు చెక్కేస్తుంది. సీఎన్‌సీ అంటారట. ముందొక సీ, వెనకొక సీ. పుట్టుకలోనే రెండుసార్లు ఛీ అనిపించుకున్న వస్తువు ఏం బాగుపడుతుందిలే అని అప్పలరాముడు మొదట్లో నవ్వేశాడు. అది బాగుపడింది. ఒక్కొక్క పడవే రంగు వదిలి చెక్కకి మారింది. ఉప్పుగాలికి రంగు రాలుతుంది గానీ చెక్కిన అక్షరం రాలదు కదా అని పడవల వాళ్ళు ఆయన ముఖం మీదే అన్నారు. ఒక ఆదివారం ముసలమ్మ గరిటె ఎత్తి, ఒక్క క్షణం గాల్లో ఆపి, తలకాయని తీసుకెళ్ళి సుభాష్ కంచంలో వేసింది. అప్పలరాముడికి తోక ముక్క వచ్చింది. ముల్లున్న తోక ముక్క గొంతులో ఇరుక్కున్న మాట నిజమే గానీ, ఆ రోజు కళ్ళలో నీళ్ళు తిరగడానికి ముల్లు ఒక్కటే కారణం కాదు.

గులాబీరంగు సీసా ఆ సోమవారమే ఇంటికి వచ్చింది.

ఇక నూకన్న కొత్త పడవ కట్టించాడు. శుక్రవారం నీళ్ళలో దింపాలి. పేరు నూకాలమ్మ తల్లి. నూకన్న పాత పడవలన్నిటికీ పేరు రాసింది అప్పలరాముడే కాబట్టి, ఈసారి కూడా తననే రాయమంటాడని ఆయన ఎదురు చూశాడు. నూకన్న పడాక్ పలక తీసుకుని డైరీ ఫార్మ్ వెళ్ళాడు. ఆ ఆదివారం భోజనాల తర్వాత కుటుంబం మొత్తం షెడ్డుకి పోయి మిషన్ చూసింది. అందరూ ఏదో ఒకటి అన్నారు. అప్పలరాముడు ఏమీ అనకపోయేసరికి అమ్ములు మోచేత్తో డొక్కలో పొడిచింది. పొడిచాక అనక తప్పలేదు. మిషన్ బంగారంలా ఉందనీ, రోజంతా తిరిగినా దానికి అలుపే లేదనీ, ఇంత మంచి మిషన్ తన జన్మలో చూడలేదనీ అన్నాడు. అనడం వరకూ బాగానే అన్నాడు. చివర్లో ఒక నిట్టూర్పు దానంతటదే బయటికి వచ్చింది. హేడో రేవులో ఓడ బయల్దేరే ముందు వేసే కూతంత పొడుగ్గా వచ్చింది. పక్కనే ఉన్న ముసలమ్మ నమలుతున్న వక్క ఆపి, పెద్దల్లుడి ముఖం వైపు ఒకసారి, మిషన్ వైపు ఒకసారి చూసింది.

ఆవిడకి దిష్టి పట్టింపు జాస్తి. పడవకి నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంది. స్కూటరుకి కడుతుంది. ఫ్రిజ్జుకి కూడా కట్టింది. సుభాష్ మిషన్‌కైతే షెడ్డులో దిగిన రోజునుంచే కడుతోంది. అది అందరూ చూసేదే కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

బుధవారం మధ్యాహ్నం మిషన్ ఆగిపోయింది.

ఆ కబురు అమ్ములుకి ఫోనులో వచ్చింది. ఆమె చెబుతుంటే అప్పలరాముడు జాలిపడ్డ ముఖం పెట్టడానికి చాలా కష్టపడ్డాడు. పలక సగం చెక్కాక మిషన్ నిలిచిపోయిందట. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆగుతోందట. చెన్నైలో కంపెనీ మనిషి ఫోనులోనే వైద్యం చేసి, కంట్రోలర్ బోర్డు పోయింది, కొత్తది ఓడలో పంపిస్తానన్నాడట. అది వచ్చేది ఎప్పుడో, శుక్రవారం మాత్రం కాదు. పెద్దల్లుణ్ణి ఒకసారి పంపమని ముసలమ్మ అడిగింది. ఆ పూట అప్పలరాముడు సీసా ముట్టుకోలేదు. కడుపులో మంట లేదు. చల్లటి మజ్జిగ తాగినట్టుంది.

గురువారం పొద్దున్నే మీటరూ స్క్రూడ్రైవర్లూ సంచిలో వేసుకుని, స్కూటరు డిక్కీలో ఇంకేదో సర్దుతుంటే అమ్ములు వెనకాల వచ్చి నిలబడింది.

"మీటరు సరే. బ్రష్షులెందుకు మావా?"

"ఉండనీ. కరెంటు పని ఎలగుంటాదో సెప్పలేం."

"కరెంటు పనికి రంగు డబ్బాలేటి?"

"ఎర్ర వైరు, నల్ల వైరు. అవి రంగులు కావేటే?"

ఆమె నవ్వలేదు. డిక్కీ మూత తనే మూసి, పిల్లని పంపించేటప్పుడు చెప్పినట్టు బుద్ధిగా వెళ్ళి రమ్మంది.

షెడ్డులో సుభాష్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడ్డం కూడా చేసుకోలేదు. మిషన్ బల్ల మీద పలక బిగించి ఉంది. 'నూకాల' వరకూ చెక్కి ఉంది, తర్వాత కట్టరు దిగబోయి ఆగిన చిన్న గుంట. మూలన ప్లాస్టిక్ కుర్చీలో ముసలమ్మ, షాదీపూర్ నుంచి ఆటోలో వచ్చి కూర్చుని ఉంది. పెద్దల్లుణ్ణి చూసి కొంగు సర్దుకుంది గానీ రా అని అనలేదు.

"వచ్చేశావా భయ్యా. కల్ సే బుర్ర పనిచెయ్యట్లేదు," అన్నాడు సుభాష్. "చెన్నైవాడు బోర్డే గయా అంటున్నాడు. నీ చెయ్యి పడితే ఏమైనా తెలుస్తుందేమో చూడు."

ఆ కుర్రాడిలో అప్పలరాముడికి అన్నిటికంటే నచ్చనిది ఇదే. తిట్టుకోవడానికి వీలుగా ఒక్క చెడ్డ మాట కూడా మాట్లాడడు.

ఇద్దరూ కంట్రోలర్ పెట్టె మూత తీశారు. లోపల బోర్డు, దాని అంచున వరసగా పిన్నులు. ఒక్కో పిన్నుకి ఒక్కో వైరు. మిషన్ ఒంట్లో ఎక్కడేం జరిగినా ఆ పిన్నుల ద్వారానే కంట్రోలరుకి కబురు అందుతుంది. హిమబిందు తన పిల్లలకి పిన్ని, ఆమె మొగుడి మిషన్‌కి చూస్తే అన్నీ పిన్నులు, ఈ వంశంలో పిన్ను గుచ్చుకోని చోటు లేదు అని అప్పలరాముడు అనుకున్నాడు. పైకి అనేసేవాడే, ముసలమ్మ ఉంది కాబట్టి ఆగాడు.

గొడవంతా మూడో పిన్నుది. దూలం కాలుకి బొటనవేలంత ఇత్తడి సెన్సరు బిగించి ఉంటుంది. దూలం బల్ల చివరికి వచ్చినప్పుడు అక్కడున్న ఇనుపముక్క దానికి ఎదురవుతుంది. తాకక్కర్లేదు, వేలి మందం దూరానికి ఇనుము వస్తే చాలు. సెన్సరు తోక దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది, మూడో పిన్నుకి కబురు పోతుంది, కంప్యూటరు తెర మీద మూడో చుక్క పచ్చబడుతుంది, మిషన్ ఠక్కున ఆగుతుంది. లిమిట్ అంటారు దాన్ని. ఆ ఇంట్లో లిమిట్ తెలిసినది ఆ ఒక్క సెన్సరే. ఇప్పుడది కూడా తెలివి తప్పినట్టుంది. దూలం బల్ల నట్టనడుమ ఉండగా, చివర ఎక్కడో మూరల దూరంలో ఉండగా, మూడో పిన్ను చివరికొచ్చేశామని కేక పెడుతోంది.

అప్పలరాముడు ముందు స్క్రూడ్రైవరు కొస సెన్సరు ముందు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది, తెర మీద చుక్క పచ్చబడింది. తీశాడు, ఆరిపోయింది. సెన్సరుకి సెన్సు ఉంది. వైర్లు ఒక్కొక్కటీ పట్టి లాగాడు, ఏదీ వదులుగా లేదు. కట్టరు మోటారు తిరిగేటప్పుడు దాని రొద పక్క వైర్లలోకి దూరి దొంగ కబుర్లు పంపడం కద్దు. అందుకని దూలం కదలకుండా మోటారు ఒక్కటే తిప్పించాడు. మూడో చుక్క పచ్చబడలేదు. ఎర్తు వైరు చూశాడు. శుభ్రంగా ఉంది. ఇదంతా సుభాష్ నిన్ననే చేశాడట. చేసిన వరస కూడా అదేనట. తను గొప్పగా చేస్తున్న పని ఎదుటివాడు ముందే చేసేశాడని తెలిసేసరికి కడుపులో మజ్జిగ కాస్తా విరిగింది.

"అంటే బోర్డే కదా భయ్యా?" అన్నాడు సుభాష్. ఇక ఆశ వదిలేసిన గొంతు.

ఔనంటే సరిపోతుంది. ఒక్క అక్షరం కూడా అక్కర్లేదు, తలూపితే చాలు. ఒక బోర్డు పోతే రెండో బోర్డు కూడా పోయినట్టే. పెట్టెలో బోర్డు చస్తే బల్ల మీద చెక్క బోర్డుకి దిక్కు లేదు. ఆ ఆలోచన ముసలమ్మకీ వచ్చినట్టుంది.

"అయితే అల్లుడు బావూ, పేరు నువ్వే రాసీ. రేపు పడవ పేరు లేకుండా నీళ్ళలోకి ఎల్లకూడదు."

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం కాచుకున్నాడో అది చెవిన పడింది. అప్పలరాముడు గబగబా బయటికి నడిచి స్కూటరు డిక్కీ తెరిచాడు. బ్రష్షు వెంట్రుకలు బొటనవేలితో విదిల్చి చూసుకున్నాడు. పడవ ముక్కు కళ్ళముందు కనపడింది. ఎర్రటి 'నూ', దాని కింద తెల్ల అంచు. ఆదివారం కంచం కూడా కనపడింది.

వెనకాలే సుభాష్ వచ్చాడు. "ఇదే మంచిది భయ్యా. నిజం చెప్పాలంటే నాకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. నీ చేతి రాత ముందు మిషన్ ఎంత. నూకన్న భయ్యాకి నేనే చెబుతాను."

ఆ మాటతో అప్పలరాముడి చేతిలో బ్రష్షు బరువెక్కింది. అంటే ఇదీ సుభాష్ ఇస్తేనే. రేపు పడవ మీద పేరు చూసినవాళ్ళందరూ, పాపం మిషన్ చెడిపోయింది కాబట్టి పెద్దల్లుడు రాశాడు అంటారు. ఆదివారం తలకాయ మళ్ళీ సుభాష్‌కే, ఇంత కష్టంలో ఉన్నాడని జాలితో ఇంకో గరిటె పులుసు కూడా. బోర్డు దానంతటది చస్తే సుభాష్ తప్పేముంది? అందరి జాలీ వాడికే. అలా కాకుండా వాడు ఏ వైరో తప్పు బిగించాడనీ, వాడి చేతి చలవవల్లే మిషన్ పడుకుందనీ తేలితే? అదీ కావలసింది. మిషన్ చావడం చాలదు. సుభాష్ చేతిలో చావాలి.

బ్రష్షు డిక్కీలో పడేసి, మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. బోర్డు పోయిందని చెప్పినంత మాత్రాన పోదనీ, తను తేలుస్తాననీ అన్నాడు. సుభాష్ ముఖంలో ఆశ కనిపించింది. అది చూసి అప్పలరాముడికి ఒళ్ళు మండింది గానీ, పని ఆపలేదు.

దూలానికి ఇంకో సెన్సరు ఉంది, అడ్డం వైపుది. దాని వైరు నాలుగో పిన్నుకి వెళుతుంది. రెండు వైర్లూ తారుమారు చేసి బిగించమన్నాడు. జబ్బు బోర్డుదైతే మూడో చుక్కే మళ్ళీ పచ్చబడాలి. కట్టరు పైకెత్తి, గాల్లోనే పేరు చెక్కించారు. దూలం ఎడమకి దూకింది, కుడికి దూకింది, 'మ్మ' వంపు దగ్గర విసురుగా వెనక్కి తిరిగింది. మిషన్ ఆగిపోయింది. తెర మీద పచ్చబడింది నాలుగో చుక్క.

సుభాష్ తెరకి దగ్గరగా వంగి రెండుసార్లు చూశాడు. అంటే మూడో పిన్ను పాపం పుణ్యం ఎరుగదు. బోర్డుకేమీ కాలేదు. కబురు అసలు సెన్సరు దగ్గరే పుడుతోంది. సుభాష్ ఆ వైరు పూర్తిగా ఊడదీసి, ఎర్ర బటను మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడైనా దూలం హద్దు దాటితే నొక్కేద్దామని. మిషన్ ఈసారి పేరు మొత్తం గాల్లో రాసేసింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

మరి సెన్సరు పోయిందా? స్క్రూడ్రైవరుకి అన్నిసార్లూ ఠంచనుగా పలికింది. పోయినది అలా పలకదు. అప్పలరాముడు గడ్డం గోక్కున్నాడు. కబురు మోసేవాడు అబద్ధం చెప్పడం లేదు. ఇనుము లేనిచోట ఇనుము ఉందంటున్నాడు. అయితే ఉందేమో.

వైరు మళ్ళీ బిగింపించి, షెడ్డు నేల మీద చెక్కపొట్టులో బోర్లా పడుకున్నాడు. సెన్సరు కంటికి ఎదురుగా వచ్చేలా తల పెట్టాడు. మిషన్ నడపమన్నాడు. దూలం కాలు ఆయన ముక్కు ముందు నుంచి అటూ ఇటూ పోతోంది. దానితోపాటు సెన్సరు పైన బోల్టుకి కట్టిన దిష్టి దండ ఊగుతోంది. నిమ్మకాయ, దాని చుట్టూ గుబురుగా పచ్చిమిరపకాయలు. దూలం నిదానంగా పోయినంతసేపూ దండ బుద్ధిగా వేలాడుతోంది. 'మ్మ' వంపు దగ్గర దూలం విసురుగా తిరిగింది, దండ ఎగిరి వచ్చి సెన్సరు ముక్కుకి రాసుకుంది. ఎర్ర దీపం తటాలున వెలిగింది. మిషన్ ఆగింది.

నిమ్మకాయకి వెలగదు. మిరపకాయకీ వెలగదు. అప్పలరాముడు లేచి కూర్చుని మిరపకాయల గుత్తిని రెండు వేళ్ళతో విడదీశాడు. లోపల, మిరపకాయల మధ్య దాక్కుని, వేలు లావు ఇనుప గాలం. సొరచేపకి వేసే గాలం. నూకన్న పాత పడవలోది.

"యే క్యా హై?" అన్నాడు సుభాష్. "దండ రోజూ ఉండేదే గానీ, లోపల లోహా ఎప్పుడొచ్చింది?"

కుర్చీలో ముసలమ్మ కదిలింది. మంగళవారం పొద్దున్నే తనే తెచ్చి కట్టానంది. వట్టి నిమ్మకాయ చిన్న చూపులకి సరిపోతుందనీ, పెద్ద కన్నుకి ఇనుము ఉండాలనీ, పడవలకి కూడా అలాగే కడతామనీ చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది గానీ చూపు నేలమీద ఉంది.

"పెద్ద కన్నా? ఎవరిది అత్తా?" అన్నాడు సుభాష్.

నిజంగా తెలియకే అడిగాడు. ముసలమ్మ వక్క తీసి నోట్లో వేసుకుంది. షెడ్డు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. అప్పలరాముడు గాలం పట్టుకుని కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఆదివారం నిట్టూర్పు. ఆగిపోయిన వక్క. మంగళవారం గాలం. ఇనుము వేసింది సొరచేపకి కాదు. చిక్కింది తనే.

తల తీసేసినట్టయింది. ఇన్నేళ్ళ నుంచీ ఈ ఇంటికి లైట్లు బిగించినవాణ్ణి, ఫ్యాన్లు తిప్పినవాణ్ణి, నా కన్ను పడుతుందని గాలం కట్టిందా అని రోషం పొడుచుకొచ్చింది. అయితే దాని వెనకాలే ఇంకొకటి కూడా వచ్చింది, ఎవరికీ చెప్పుకోలేనిది. కన్ను పడిందా లేదా? పడింది. మిషన్ ఆగాలని కోరుకున్నాడా లేదా? కోరుకున్నాడు. ఆగిందా? ఒక రోజంతా. చెన్నై ఇంజనీరుకి కూడా అంతుపట్టలేదు. తన కన్నుకి ఇంత కెపాసిటీ ఉందని తెలిసి క్షణకాలం ఛాతీ కొంచెం పొంగిన మాట కూడా వాస్తవం. వెంటనే సిగ్గేసింది. ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే, అత్త వంక చూడలేక గాలం వంకే చూస్తూ ఉండిపోయాడు.

సుభాష్ దండ తెంపబోయాడు. ముసలమ్మ కుర్చీలోంచి లేచింది. మిషన్ ఎవరిదో వాళ్ళు దిష్టి దండ తియ్యకూడదనీ, తీస్తే కట్టినదానికి రెండింతలు తగులుతుందనీ అంది. అలాగని అక్కడే ఉంటే మిషన్ నడవదు. సుభాష్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆవిడ గొంతులో ఇప్పుడు భయం ఉంది. తన చేతి కట్టే పడవ పేరుకి అడ్డం పడిందని ఆవిడకి అప్పుడే అర్థమవుతోంది.

"నాను తీత్తాను," అన్నాడు అప్పలరాముడు. "నిచ్చెన ఉందేటి?"

దండ విప్పి, గాలంతో సహా పట్టుకుని షెడ్డు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. నిచ్చెన ఎక్కి, పైన అడ్డకర్రకి తాడు చుట్టి ముడి వేశాడు. ఒక ముడి చాలు, మూడు వేశాడు. ఇల్లూ షాపూ కాపాడాలంటే దిష్టి దండ గుమ్మానికే ఉండాలనీ, లోపలికొచ్చే ప్రతి కన్నునీ అక్కడే ఆపుతుందనీ, మిషన్‌కి కడితే మిషన్‌నే ఆపుతుందనీ సుభాష్‌కి వినపడేలా చెప్పాడు. ఆ చెప్పడం ఎలక్ట్రీషియన్ చెప్పినట్టే ఉంది. సుభాష్ నమ్మేసి, కట్టరు దించడానికి లోపలికి పోయాడు.

ముసలమ్మ నిచ్చెన కిందకి వచ్చి నిలబడింది. పైకి చూడకుండానే అడిగింది.

"నీకు తెలిసిపోనాదేటి బావూ, ఎవులి కోసం కట్టినానో?"

"తెలిసింది అత్తా. అందుకే గట్టిగా కట్టినాను."

ఆవిడ నిచ్చెన కాలు పట్టుకుంది, అల్లుడు జారకుండా. దిగిన దాకా వదల్లేదు. లోపల మిషన్ 'మ్మ' చెక్కడం మొదలుపెట్టింది. పడాక్ పొట్టు ఎర్రగా ఎగురుతోంది. అప్పలరాముడు గుమ్మం దాటబోయి ఆగాడు. మనిషి పొడగరి. కట్టినప్పుడు చూసుకోలేదు, దండ సరిగ్గా ఆయన నుదుటి ఎత్తుకి వచ్చింది. లోపలికి వెళ్ళాలంటే తల వంచాలి. వంచాడు.

శుక్రవారం పడవ నీళ్ళలో దిగింది. పలక ముక్కుకి బిగించాక, చెక్క రంగులో చెక్క అక్షరాలు దూరానికి ఆనడం లేదని నూకన్నే అన్నాడు. డిక్కీలో ఎర్ర రంగు ఎలాగూ ఉంది. చెక్కిన గాడుల్లో రంగు నింపడం చిన్నపిల్లల పనేనని గొణుక్కుంటూ అప్పలరాముడు మోకాళ్ళ మీద కూర్చుని నింపాడు. తెల్ల అంచు ఎవరూ అడగలేదు, అయినా గీశాడు. 'ల్లి' వంపులో మిషన్ ప్రాణం పెట్టలేదని ఆయనకి తోచింది. ఆ మాట అమ్ములుకి మాత్రమే చెప్పాడు. ఆమె, అలాగేలే మావా, ఇంటికి పద అంది.

ఆదివారం షాదీపూర్‌లో కంచాలు పెట్టారు. నూకన్న కొత్త పడవలో పడ్డ మొదటి వంజరం. తలకాయ గిన్నె నిండా ఉంది. అప్పలరాముడు ఎటో చూస్తున్నట్టు కూర్చుని గిన్నెనే చూస్తున్నాడు. ముసలమ్మ గరిటె ఎత్తలేదు. కత్తిపీట తెమ్మంది. ఆ ఇంట్లో వండిన తలని కోయడం ఎవరూ చూడలేదు. ఆవిడ పులుసు కారుతున్న తలని కత్తిపీట మీద పెట్టి, నిలువునా రెండుగా కోసి, ఒక సగం పెద్దల్లుడి కంచంలో, ఒక సగం చిన్నల్లుడి కంచంలో వేసింది.

అందరూ నవ్వారు. సుభాష్ కూడా నవ్వి, బహుత్ అచ్ఛా అత్తా అన్నాడు. అప్పలరాముడు నవ్వాడు. నవ్వుతూనే తన సగం చూసుకున్నాడు. చెంప కండ ఉంది, ఒక కన్ను ఉంది. పక్క కంచంలో కూడా ఒక కన్ను ఉంది. చెంప కండ మాత్రం అటు కాస్త ఎక్కువ వచ్చినట్టు లేదూ?

డొక్కలో అమ్ములు మోచెయ్యి తగిలింది.

"బాగుంది అత్తా," అన్నాడు అప్పలరాముడు, నిట్టూర్పు జారకుండా ఊపిరి బిగపట్టి.